తొమ్మిదో దెబ్బ

చంకలో చీర పెట్టె, చేతిలో మిఠాయి డబ్బాతో కునాల్ తమ ఒంటిగదుల చాల్ మెట్లెక్కుతున్నాడని కింది నుంచి బంటీ ఫోన్ చేశాడు. స్నేహల్ ఆ మాట విని నవ్వింది. సంతోషంతో వచ్చిన నవ్వు కాదది. రెండేళ్ళుగా ఈ మెట్ల వైపు కన్నెత్తి చూడనివాడు, ఫోన్ ఎత్తనివాడు, ఎదురుపడితే మొహం తిప్పుకుని టాక్సీ ఎక్కేసినవాడు, ఇప్పుడు చీర పట్టుకుని వస్తున్నాడంటే వాడికి ఏదో కావాలి. ఆ కావలసినదేదో వాడికి దక్కనివ్వకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది. దక్కనిచ్చి కూడా పగ తీర్చుకోవచ్చని అప్పటికి ఆమెకు తెలియదు.

ఇది మొదటి నుంచీ చెప్పాలి. లేకపోతే ఈ పిల్లకి ఇంత కోపం ఏమిటమ్మా అని మీరే అంటారు.

ముంబైలో, కామాటిపుర ఏడో గల్లీలో ఒక రాక్ బ్యాండు ఉండేది. నవ్వకండి, నిజంగానే ఉండేది. పేరు ‘సెవెంత్ లేన్’. రితేశ్ గిటారు, బంటీ బేస్ గిటారు, స్నేహల్ డ్రమ్స్, కునాల్ పాట. నలుగురివీ తెలుగిళ్ళే. నలుగురి పెద్దలూ పాలమూరు వైపు నుంచి ఈ ఊరికి ఇటుకలు మోయడానికీ సున్నం కలపడానికీ వచ్చినవాళ్ళే. పిల్లలకు మాత్రం తెలుగు వంటింటి వరకే వచ్చు. అన్నం పెట్టు, నీళ్ళు తే, ఇంతసేపు యాడ తిరిగినవ్, అంతే. కునాల్‌కి అదీ లేదు. వాడింట్లో తాతతో కూడా మరాఠీయే, గల్లీలో ఎవరైనా వాడితో మరాఠీలోనే మాట్లాడాలి. గల్లీలో సంచులు కుట్టే కార్ఖానా ఒకటుంది, ఆదివారం దానికి సెలవు. కుట్టు మిషన్లు గోడకు జరిపి ఆ మధ్య జాగాలో వీళ్ళు వాయించుకునేవాళ్ళు. వాయించేవన్నీ ఇంగ్లీషు పాటలు. ఎవరో ఎప్పుడో పాడి పేరు తెచ్చుకున్నవాటిని అచ్చం అలాగే మళ్ళీ వాయించడం వీళ్ళ పని. కాలేజీ ఫంక్షన్లకూ, పుట్టినరోజులకూ పిలిచేవాళ్ళు. బాంద్రాలో ఒక బారులో బుధవారం బుధవారం వాయింపు ఉండేది.

ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే కాబట్టి వీళ్ళకో పద్ధతి ఉండేది. పాట చెవితో విని, వినపడ్డది వినపడ్డట్టు మరాఠీ అక్షరాల్లో ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాళ్ళు. కునాల్ దాన్ని బట్టీ పట్టేవాడు. కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని వాడు పాడుతుంటే ఆ పాటలోని బాధంతా వీడే పడ్డాడేమో అనుకునేవాళ్ళు జనం. వాడికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. “అర్థం దేనికి యార్? ఫీల్ ఉంటే బస్” అనేవాడు. ఆ గొంతు అలాంటిది మరి, ఒప్పుకోవాల్సిందే. మనిషి దొంగే గానీ గొంతు మాత్రం బంగారం.

స్నేహల్ నాయనమ్మ ముత్తమ్మకు డెబ్బై ఆరేళ్ళు. ఆదివారాలు ఆమె కూడా దిగివచ్చి కార్ఖానా గడప మీద కూర్చునేది, పిల్లల గోల వింటూ బియ్యం ఏరుకునేది. ఒక రోజు ఏదో ఇంగ్లీషు పాట నడుమ డ్రమ్ముల ముక్క స్నేహల్‌కి ఎంతకీ కుదరడం లేదు. పదిసార్లు కొట్టి పదిసార్లు తప్పింది. అప్పుడు ముత్తమ్మ బియ్యం చాట పక్కన పెట్టి, బట్ట కొలిచే చెక్క స్కేలు అందుకుని గడప మీద కొట్టడం మొదలుపెట్టింది. కొడుతూ పాడింది.

సున్నం గొట్టే చేతులల్ల గాజులెన్నే ఓయమ్మ
మేడ మీద మేడ గడితె నీడ యాడనే ఓయమ్మ

నలుగురూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ముత్తమ్మ పడుచుతనంలో కోబా కొట్టే పనికి వెళ్ళేది. మేడ పైకప్పు మీద ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి, పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని, చెక్క థాపీలతో అది రాయిలా బిగిసేదాకా కొట్టేవాళ్ళు. దాన్నే కోబా అంటారు. ఎనిమిది దెబ్బలు కొట్టాలి. తొమ్మిదో దెబ్బ పడే చోట చేతులు ఆపి వరస వరసంతా జానెడు వెనక్కి జరగాలి. ఆ తొమ్మిదో చోట ఎవరిదైనా థాపీ పడిందా, పక్కదాని కాలివేళ్ళు నుజ్జే. అందుకే ఆ పాటలో ప్రతి వరస చివరా ఒక దెబ్బ మేర ఖాళీ ఉంటుంది. స్నేహల్ ఆ లెక్క పట్టుకుంది. ఎనిమిది కొట్టి తొమ్మిది వదిలేయడం ఎంత కష్టమో డ్రమ్ములు వాయించేవాళ్ళకే తెలుస్తుంది. చెయ్యి దురదపెడుతుంది.

తర్వాతి బుధవారం బారులో ఆ ఇంగ్లీషు పాట నడుమ ముత్తమ్మ పాట పెట్టి వాయించారు. జనం కుర్చీలెక్కారు. ఇంటికొచ్చి చెబితే ముసల్ది పొంగిపోయింది. అప్పటి నుంచీ ప్రతి బుధవారం మేలుకుని ఉండి మరీ అడిగేది, “నా పాటకు లేసిన్రా బిడ్డా జనం? ఎంతమంది లేసిన్రు?” అని. కునాల్ ఒకరోజు ఆమె పక్కనే కూర్చుని ఆ పాట ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. “ఆజీ, నువ్వు మన బ్యాండులో ఐదో మనిషివి” అన్నాడు. ఆ మాట ముత్తమ్మ చాల్‌లో గది గదికీ చెప్పుకుంది.

నాలుగు నెలలకు కునాల్ ప్రాక్టీసుకు రావడం మానేశాడు, పాడేవాడు లేక బ్యాండు మూతపడింది. ఆరో నెలలో ‘కోబా’ అని ఒక పాట బయటికొచ్చింది. టాక్సీల్లో అదే, పెళ్ళి ఊరేగింపుల్లో అదే, ఫోన్లలో అదే. మాటలు, బాణీ, గానం: కునాల్. స్నేహల్ ఆ పేరు కింద ఇంకేదైనా పేరు ఉందేమోనని వేలితో ఫోను తెర జరిపి జరిపి చూసింది. లేదు.

గ్రాంట్ రోడ్ స్టేషన్ వంతెన మీద వాణ్ణి పట్టుకుంది. “మా అవ్వ పేరు పెట్టు. ఒక్క పేరు. వేరే ఏమీ వద్దు” అని అడిగింది. బతిమాలినట్టే అడిగింది, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది. కునాల్ నవ్వాడు.

“అరే, అది జానపదం యార్. జానపదం ఎవ్వరిదీ కాదు. రాసుకున్నది నేను, పాడింది నేను. మీ ఆజీకి చదువు కూడా రాదు కదా, రాసింది అని ఎట్లా పెట్టను?”

అని లోకల్ ఎక్కి వెళ్ళిపోయాడు. దానికంటే పెద్ద గాయం ఆ మరుసటి వారం తగిలింది. రేషన్ దుకాణం లైన్లో నిలబడ్డ ముత్తమ్మకు ఎవరి ఫోన్లోనో ఆ పాట వినపడింది. పాపం, మొహం వెలిగిపోయి, “గిది నా పాటనే” అంది. ముందున్న ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఒకావిడ ఫోను తీసి ఆమె కళ్ళ ముందు పెట్టి, “ఇదిగో చూడు ఆజీ, పేరు రాసి ఉంది, కునాల్ అని, భూమయ్య మనవడిది” అంది. లైను లైనంతా నవ్వింది. ముత్తమ్మ బియ్యం తీసుకోకుండానే ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచీ పాడలేదు. గడప మీద కూర్చోలేదు. వేళ్ళతో మంచం కోడు మీద టకటకమని కొట్టే అలవాటుండేది, అదీ పోయింది. స్నేహల్ రెండేళ్ళు ఆ నిశ్శబ్దంలో పడుకుని లేచింది. అందుకే ఆ కోపం. వాడు నలుగురిలో, మైకు ముందు నిలబడి, తన నోటితో ముత్తమ్మ పేరు చెప్పాలి. చెప్పించాలి. ఇంకేమీ అక్కర్లేదు ఆమెకు.

ఇప్పుడిక చీర పెట్టెకు వద్దాం.

కునాల్ లోపలికొచ్చి ముత్తమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. కళ్ళద్దాలు కొత్తవి, మెడలో లావుపాటి వెండి గొలుసు. సంగతేమిటంటే, తెలుగు సంఘం వాళ్ళు వచ్చే ఆదివారం ఏడో గల్లీలో పందిరి వేసి పెద్దలకు సత్కారం చేస్తున్నారు. ఒకప్పుడు ఈ ఊళ్ళో మేడలు కట్టించిన ముసలి మేస్త్రీలకు శాలువాలు కప్పుతారు. అందరికంటే పెద్దవాడు వీడి తాత భూమయ్య, తొంభై ఏళ్ళు. తాతను కూర్చోబెట్టి మనవడి చేత ‘కోబా’ పాడించాలని సంఘం కోరిక.

“మన గల్లీ కదా ఆజీ, పూర్తి పాట పాడాలని. నా దగ్గర రెండు ముక్కలే ఉన్నాయి. ఇంకా ఉండేది కదా? ఇంకా...” స్నేహల్ వైపు తిరిగాడు, కొంచెం నీళ్ళు నమిలాడు. “మీరు ముగ్గురూ వెనక వాయించాలి. స్టూడియో వాళ్ళు ఆ ఖాళీలో ఏదో ఒకటి కొట్టేస్తున్నారు. నీకొక్కదానికే వస్తుంది అది.”

నోట్లోంచి బూతు రాబోయింది స్నేహల్‌కి. దాన్ని బయటికి రానిచ్చేలోపే ముత్తమ్మ గోడకు ఆనుకుని సర్దుకు కూర్చుంది.

“ఉన్నది బిడ్డా, ఇంగో ముక్క ఉన్నది. రాసుకో.”

“అవ్వా!” అని అరిచింది స్నేహల్.

“నువ్ గమ్మునుండు.”

రెండేళ్ళ తర్వాత ముత్తమ్మ వేళ్ళు మంచం కోడు మీద పడ్డాయి. ఎనిమిది దెబ్బలు, ఖాళీ. పాడింది. కునాల్ ఫోన్లో మరాఠీ అక్షరాల్లో రాసుకున్నాడు. నాలుగు వరసలు, నాలుగు ఖాళీలు. రెండుసార్లు పాడించుకుని, తనూ పాడి చూపించాడు. ఒక్క తప్పు లేకుండా పట్టేశాడు పాపిష్టివాడు.

“అర్థం కావాల్నా?” అని అడిగింది ముత్తమ్మ.

“హా ఆజీ, చెప్పు చెప్పు.”

ముత్తమ్మ చెప్పింది. పూర్తిగా చెప్పింది, తెలుగులో చెప్పింది. పాలమూరు తెలుగులో, నింపాదిగా, వేళ్ళు మడిచి లెక్కపెడుతూ ఐదు నిమిషాలు చెప్పింది. కునాల్ తలూపుతూనే ఉన్నాడు. “హా హా. మస్త్ ఆజీ. ఏక్‌దమ్ ఫీల్ ఉంది” అన్నాడు. స్నేహల్‌కి సగం అర్థమైంది. ఆ సగానికే ఆమె వాడి మొహంలోకి చూసింది. వాడు మాత్రం మిఠాయి డబ్బా మంచం మీద పెట్టి, ఫోను జేబులో వేసుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు.

“మల్ల జెప్పు అవ్వా, నాకు సాఫ్ సాఫ్ జెప్పు” అంది స్నేహల్ తలుపు మూసి.

“లచ్చిమి నా జోడీది” అంది ముత్తమ్మ. “లక్ష్మమ్మ. వరసల నా పక్కనే కూసునేది. గప్పుడు మా మేస్త్రి కోటుకు వెండి గొలుసు గడియారం ఏసుకునేటోడు. గొలుసు మేస్త్రి అని మేం చాటుకు అనుకునేది. ఒక దినం సున్నం తట్ట మీదికి మొయ్యాలె. పరంజాకు కట్టిన తాడు పుచ్చింది, నేనెక్క అన్నది లచ్చిమి. గట్టిగనే ఉన్నది, ఎక్కు అన్నడు మేస్త్రి. ఐదో మాలె, గా ఐదో అంతస్తు కాడ తాడు తెగింది. పోలీసోల్లొచ్చి ఎవరీ పిల్ల అంటే, నాకు ఎర్క లేదు, మా మనిషి గాదు అన్నడు. హాజరీ బుక్కుల పేరు కొట్టేసిండు. దాని మొగడు బుచ్చయ్య వారం దినాలు ఆఫీసు ముంగట కూసున్నడు. పేరే లేదు పో అన్నరు. పాయె.”

మిఠాయి డబ్బా దగ్గరికి జరుపుకుంది.

“మేమేం జేస్తమే? సదువు లేదు. నోరొక్కటే ఉన్నది. పాటల పెట్టినం. ఎనక్కి జరిగే జాగా ఉంటది సూడు, ముందుగాల్ల ఆడ ఉస్సు అనేటోల్లం. గా దినం సంది ఆడ దాని పేరు పిలిసినం. మా గుంపు పాడింది, ఇంగో గుంపు నేర్సింది, ఊరంత పాకింది. మేస్త్రి మెట్లెక్కంగనే మాట మార్సేది. వాడు గా ముక్క ఒక్కపారి గూడ ఇనలే.”

“గొలుసు మేస్త్రి ఎవరవ్వా?”

“ఇంగెవరు? వాని తాత. భూమయ్య.”

స్నేహల్ అవ్వ ఎదురుగా వచ్చి కూర్చుంది. “నువ్వు కావాలనే చెప్పినవ్!”

“నేనేమన్న పిలిసిన్నా వాన్ని? అడిగిండు, జెప్పిన. అర్థం గూడ జెప్పిన. దాసలేదు.” ముత్తమ్మ మిఠాయి డబ్బా తెరిచి ఒక పేడా నోట్లో వేసుకుంది. “తెలుగుల జెప్పిన, మరి తెలుగు పాటనాయె.”

వారమంతా సాయంత్రాలు, కార్ఖానా మూశాక అక్కడే ప్రాక్టీసు. రితేశ్ మండిపడ్డాడు. “సిగ్గు లేదా నీకు, మళ్ళీ వాడి వెనక వాయిస్తానంటావు?” అన్నాడు. “ఒక్కసారి నన్ను నమ్ము” అని ఊరుకుంది స్నేహల్. వాడికీ బంటీకీ ఏమీ చెప్పలేదు. ముగ్గురికి తెలిస్తే ఎవడో ఒకడు నవ్వేస్తాడు.

కునాల్‌కి కొత్త ముక్క తెగ నచ్చింది. “గొలుసు అంటే ఏంటి?” అని అడిగాడు ఒక సాయంత్రం. స్నేహల్ లేచి వెళ్ళి వాడి మెడలోని వెండి గొలుసును వేలితో ఎత్తి చూపించింది. “ఇది.”

“చైన్? వా! రాక్ పాటలో చైన్!” అని మురిసిపోయాడు వాడు. ఆ తర్వాతి మాటలేమిటని అడిగి ఉంటే చెప్పేదే. అడగలేదు.

ఎంత పగ ఉన్నా మనసులో ఒక మూల పీకుతూనే ఉంది. అందుకని తనకు తాను ఒక షరతు పెట్టుకుంది. “పాటకు ముందు మైకులో మా అవ్వ పేరు ఒక్కసారి చెప్పు” అని శనివారం మళ్ళీ అడిగింది. “అరే పక్కా! ఎందుకు చెప్పను?” అన్నాడు. చెప్తే సరే. చెప్పాడంటే మూడో ముక్క రాకముందే డ్రమ్ము పుల్లలు కింద పడేసి పాట ఆపేస్తుంది. తాతా బతికిపోతాడు, మనవడూ బతికిపోతాడు. చెప్పకపోతే వాడి ఖర్మ.

ఆదివారం సాయంత్రం ఐదింటికి పందిరి కిక్కిరిసింది. ‘ముంబైని కట్టిన చేతులకు సత్కారం’ అని పెద్ద బ్యానరు. స్టేజీ మీద ఐదు సోఫాలు, ఐదుగురు మేస్త్రీలు. కట్టిన చేతులట! ఆ చేతులన్నీ కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాయి, ముడతలు పడి, వేళ్ళు వంకర్లు పోయి. ఆ ముసలమ్మలకు శాలువాలేమీ లేవు, తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. ముందు వరసలో ముత్తమ్మ కూర్చుంది, కునాల్ తెచ్చిన చీరే కట్టుకుని. భూమయ్య నడుమ సోఫాలో ఉన్నాడు. తెల్ల ధోతి, నల్ల కోటు, మెడలో బంతిపూల దండ, కోటు గుండీ నుంచి జేబులోకి తోమి మెరిపించిన వెండి గొలుసు. ముసలమ్మలు ఆ గొలుసునే చూస్తున్నారు.

“ఇప్పుడు మన గల్లీ బిడ్డ! మాటలు, బాణీ, గానం, కునాల్!” అని సంఘం కార్యదర్శి అరిచాడు. చప్పట్లు, ఈలలు. వందల ఫోన్లు పైకి లేచాయి.

కునాల్ మైకు అందుకున్నాడు. స్నేహల్ పుల్లలు ఒళ్ళో పెట్టుకుని చెవులు రిక్కించింది. వాడు స్టూడియోకి థాంక్స్ చెప్పాడు. పాటను తెచ్చిన కంపెనీకి చెప్పాడు. సంఘానికి చెప్పాడు. “ఈ పాట నా రక్తంలో ఉంది, మా ఆజోబా చెమటలోంచి పుట్టింది” అని తాత పాదాలు తాకాడు. ఆగాడు. ముత్తమ్మ వైపు చూశాడు కూడా, చూసి నవ్వాడు, నవ్వి ఇటు తిరిగి “చలో, వన్ టూ” అన్నాడు. అంతే. స్నేహల్ పుల్లలు ఎత్తింది. మనసులో పీకుతున్న ఆ మూల కూడా ఇప్పుడు హాయిగా ఉంది.

మొదటి ముక్క అందరికీ తెలిసిందే, గల్లీ ఊగింది. రెండో ముక్కకు పిల్లలు స్టేజీ ముందు గంతులేశారు. స్నేహల్ ఎనిమిది దెబ్బలు కొడుతోంది, తొమ్మిదో చోట వదిలేస్తోంది. మూడో ముక్క వచ్చింది.

గొలుసు మేస్తిరి తాడు గట్టె

ఎనిమిది దెబ్బలు. ఖాళీ. ముందు వరసల్లో ముసలి తలలన్నీ ఒక్కసారి లేచాయి. చేతుల్లో బిస్కెట్ ప్యాకెట్లు ఆగిపోయాయి. భూమయ్య మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది.

గట్టిగున్నది ఎక్కుమనె

ఖాళీలో ఒక గొంతు వినపడింది. ముత్తమ్మ గొంతు కాదు. మూడో వరసలో ఊతకర్ర పట్టుకున్న ఒక ముసలామె, స్నేహల్ ఎన్నడూ చూడని మనిషి, పొలికేక పెట్టినట్టు పిలిచింది. “లచ్చిమీ!”

పుచ్చిన తాడు తెగిపాయె

“లచ్చిమీ!” ఈసారి పది పదిహేను గొంతులు.

పేరు అడిగితె లేదనె

“లచ్చిమీ!” ముసలమ్మలందరూ. లేవగలిగినవాళ్ళు లేచి నిలబడ్డారు. లేవలేనివాళ్ళు కుర్చీ చేతుల మీద థాపీ కొట్టినట్టు కొడుతున్నారు, ఎనిమిది కొట్టి ఆపుతున్నారు. యాభై ఏళ్ళయినా ఒక్కరి చెయ్యి తప్పలేదు.

కునాల్ సంబరం చూడాలి! ఏ కచేరీలోనూ జనం ఇలా అందుకోలేదు వాడికి. “ఇంకా గట్టిగా! ఇంకా!” అని మైకు వాళ్ళ వైపు తిప్పాడు. నాలుగు వరసలూ మళ్ళీ పాడాడు. మళ్ళీ పాడాడు. మూడోసారికి స్టేజీ ముందున్న చిన్నపిల్లలు కూడా, ఎందుకో ఏమిటో తెలియకుండానే, లచ్చిమీ లచ్చిమీ అని గంతులేస్తున్నారు. భూమయ్య కుడిచెయ్యి కోటు మీద గొలుసును కప్పేసింది. మిగతా నలుగురు మేస్త్రీలు నేల చూపులు చూస్తున్నారు.

ముసలాయన సోఫా పట్టుకుని లేచాడు. ఆశీర్వదించడానికే అనుకుని కునాల్ మైకు పట్టుకుని పరిగెత్తాడు.

“ఎవడు రాసిండ్రా ఇది?” అన్నాడు భూమయ్య మరాఠీలో. మైకు ఆ మాటను గల్లీ చివరిదాకా మోసింది.

“నేనే ఆజోబా! ప్రతి మాటా నేనే రాశా!”

భూమయ్య మెడలో దండ తెంపి వాడి మొహాన కొట్టాడు. “నన్ను ఇంతమందిలో కూర్చోబెట్టి నా మొహానే హంతకుడంటావా? నా మనవడివేనా నువ్వు?”

రితేశ్ గిటారు ఆగింది. బంటీది ఆగింది. స్నేహల్ మాత్రం ఆపలేదు. పెద్ద డ్రమ్మును కాలితో మెల్లగా తొక్కుతూనే ఉంది. కునాల్ చెంప మీద బంతి రేకులు అంటుకుని ఉన్నాయి. “ఏం పాడాను నేను? స్నేహల్, ఏం పాడాను?”

స్నేహల్ తన ముందున్న మైకులోకి వంగి చెప్పింది. మరాఠీలో, చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేట్టు, ఒక్కో వరసా విడమరిచి చెప్పింది. గొలుసు ఎవరిది, తాడు ఎవరు కట్టారు, ఎక్కమన్నదెవరు, పేరు కొట్టేసిందెవరు. వింటూ వింటూ వాడి చెయ్యి మెడలోని గొలుసు మీదికి పోయింది. చూస్తుంటే ఆమెకు జాలి రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది.

వాడికి ఇక రెండే దారులు. రాసింది నేనే అంటే సొంత తాతను నలుగురిలో నిలబెట్టి ఉమ్మేసినవాడు. కాదంటే దొంగ. వందల ఫోన్లు వాడి నోటి వైపే చూస్తున్నాయి.

“నేను రాయలేదు!” అని అరిచాడు కునాల్. గొంతు చీలిపోయింది. “ఆజోబా, దేవుడి తోడు, నేను రాయలేదు! నాది కాదు ఈ పాట! ముత్తమ్మ ఆజీది! మొత్తం ముత్తమ్మ ఆజీదే!”

ముత్తమ్మ, ముత్తమ్మ అని గల్లీలో స్పీకర్లన్నీ పలికాయి. రేషన్ లైన్లో నవ్వినావిడ కూడా అక్కడే ఉంది. స్నేహల్ ఆవిడ మొహాన్ని వెతికి మరీ చూసింది.

ముత్తమ్మ కుర్చీలోంచి లేచి, ఇద్దరు పట్టుకుంటే స్టేజీ దాకా వచ్చింది. “నా ఒక్కదానిది గాదు. పన్నెండు మందిమి. నేను జెప్త, నువ్ పలుకు. మైకుల పలుకు.”

కునాల్ పలికాడు. ఎనిమిది దెబ్బలకు ఒక పేరు, ఆ ఖాళీలో. పోశవ్వ. సాయవ్వ. నర్సవ్వ. బాలకిష్టమ్మ. ప్రతి పేరుకూ కింద ఎవరో ఒకరు మా అవ్వ అనో, మా అత్త అనో చెయ్యి ఎత్తారు. ఇంగ్లీషు పాటలు పలికినట్టే పలికాడు వాడు, ఒక్క అక్షరం పోకుండా. ముత్తమ్మతో కలిపి పదకొండు పేర్లయ్యాయి.

“ఆగు” అంది ముత్తమ్మ. “గీ పన్నెండోది నువ్ గాదు. మైకు మీ తాతకియ్యి.”

కునాల్ తాత వైపు చూశాడు, ముత్తమ్మ వైపు చూశాడు. మైకు తీసుకెళ్ళి ముసలాయన నోటి దగ్గర పెట్టాడు.

“ఎర్క లేదంటివి గద మేస్త్రీ. ఇప్పుడన్న ఎర్కాయెనా? పిలువు.”

స్నేహల్ పుల్లలు అందుకుంది. ఎనిమిది దెబ్బలు కొట్టి ఆపింది. ఖాళీ. భూమయ్య పెదవులు బిగించుకుని నిలబడ్డాడు. మళ్ళీ ఎనిమిది. ఖాళీ. సంఘం కార్యదర్శి ఏదో అనబోతే కింది నుంచి నలభై మంది ముసలమ్మలు ఉష్ అన్నారు. మళ్ళీ ఎనిమిది. ఒక్క మనిషి కదల్లేదు. స్నేహల్‌కి తొందరేమీ లేదు, ఆమె భుజాలు రెండేళ్ళు విశ్రాంతి తీసుకున్నవి, తెల్లారేదాకా కొట్టగలదు.

ఆరోసారో ఏడోసారో, ఆ ఖాళీలో ముసలాయన పెదవులు కదిలాయి. గాలిలాంటి మాట ఒకటి మైకుకు తగిలింది.

“...చ్చిమి.”

“ఇనవడలే” అంది ముత్తమ్మ.

స్నేహల్ మళ్ళీ మొదటి దెబ్బ నుంచి మొదలుపెట్టింది.